బీరు గురించి మన దగ్గరి అపోహలు, ప్రపంచ బీర్లు చెప్పే వాస్తవాలు

నల్లగొండలో పెళ్లి దావత్‌కు వెళ్లినా, పాలమూరులో బంధువుల ఇంటికి వెళ్లినా, నేను బీరు తయారుచేసే వృత్తిలో ఉన్నానని తెలియగానే ఎదురయ్యే ప్రశ్నలు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. అన్నిటికంటే స్ట్రాంగ్ బీరు ఏది, ఎంత చల్లగా తాగాలి, గ్లిజరిన్ సంగతి నిజమేనా, విదేశాల నుంచి ఎవరైనా వస్తుంటే ఏది తెమ్మనాలి అని అడుగుతారు. చివరి ప్రశ్నకు సరైన జవాబు దొరకాలంటే మొదటి మూడింటి వెనుక ఉన్న అపోహలు ముందు తొలగాలి. వెతుక్కుని తాగదగిన బీర్లలో చాలావాటిని మనవాళ్లు ఆ అపోహల వల్లనే మొదటి గుక్కకే పక్కన పెట్టేస్తుంటారు. బీరుకు విలువ తెచ్చేవి అది పుట్టిన ఊరి నీళ్లు, గింజ, పులియబెట్టే ఈస్ట్, దాని కోసం వెచ్చించిన కాలం అని ఈ వృత్తి నాకు నేర్పింది. ఇరవై ఒక్క ఏళ్లు నిండి, ఇప్పటికే తాగే అలవాటు ఉన్నవారి కోసమే ఇది రాస్తున్నాను.

అపోహ: ఎంత స్ట్రాంగ్ అయితే అంత మంచి బీరు

ప్రపంచంలో నేడు తాగే లేత బంగారు రంగు లాగర్లన్నిటికీ (చల్లటి చోట నెమ్మదిగా పులియబెట్టే బీర్లకు) మూలమైన పిల్స్నర్ ఉర్కెల్‌లో ఆల్కహాల్ 4.4 శాతమే. చెక్ దేశంలోని పిల్సెన్ పట్టణంలో 1838లో జనం విసిగిపోయి 36 పీపాల చెడిపోయిన బీరును టౌన్ హాల్ ముందు పారబోశారు. ఆ తరువాత పట్టణవాసులే కొత్త బ్రూవరీ కట్టించి, జర్మనీలోని బవేరియా నుంచి యోసెఫ్ గ్రోల్ అనే బ్రూయర్‌ను, అంటే బీరు కాచే నిపుణుడిని, పిలిపించుకున్నారు. ఆయన 1842 అక్టోబర్ 5న కాచిన బీరుతోనే పిల్స్నర్ అనే ఈ శైలి మొదలైంది. అందులో ఉన్నది మొలకెత్తించి లేతగా ఎండబెట్టిన బార్లీ, అంటే మాల్టు, చేదును, వాసనను ఇచ్చే సాజ్ ప్రాంతపు హాప్స్ పువ్వులు, ఆ ఊరి మెత్తటి నీళ్లు, చల్లటి సొరంగాల్లో గడిపిన వారాలు మాత్రమే.

మన దగ్గర స్ట్రాంగ్ పేరుతో అమ్మే బీర్లలో చాలావాటికి బార్లీతో పాటు బియ్యం, మక్కలు, చక్కెర కలిపి ఆల్కహాల్ పెంచుతారు. చక్కెర కలపడం దానంతటది తప్పు కాదు. బెల్జియంలోని మఠాలలో సన్యాసులు కాచే ట్రాపిస్ట్ బీర్లలో కూడా చక్కెర వేస్తారు. తేడా ఈస్ట్‌లోనూ, ఓపికలోనూ ఉంది. ఆ కోవకే చెందిన, 11.3 శాతం ఆల్కహాల్ ఉన్న రోష్‌ఫోర్ 10 తాగితే ముందు ఎండుద్రాక్ష, అంజీర, మాడీమాడని బెల్లం రుచులు వస్తాయి, వెచ్చదనం ఎప్పటికో గాని తెలియదు. అందుకే దాన్ని చిన్న గ్లాసులో, గంటసేపు తాగుతారు.

"బీరే కదా" అనే మాట కూడా ఈ అపోహకు తోబుట్టువే. 7 శాతం ఆల్కహాల్ ఉన్న 650 మిల్లీలీటర్ల సీసా ఒక్కదానిలో 45 మిల్లీలీటర్లకు పైగా శుద్ధ ఆల్కహాల్ ఉంటుంది. 42.8 శాతం ఉండే విస్కీ క్వార్టర్‌లో ఉండేది 77 మిల్లీలీటర్లు. అంటే రెండు స్ట్రాంగ్ బీర్లు తాగినవాడు ఒక క్వార్టర్‌ను మించి తాగినట్టే. ఈ లెక్క తెలియకుండానే మోటార్ సైకిల్ ఎక్కేవాళ్లను చూసినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

అపోహ: నల్ల బీరు బరువు, ఘాటు, కిక్కు ఎక్కువ

ఆర్థర్ గిన్నిస్ 1759లో ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లోని సెయింట్ జేమ్స్ గేట్ బ్రూవరీని 9,000 సంవత్సరాల లీజుకు తీసుకున్నాడు. అక్కడి నల్ల బీరు డ్రాఫ్ట్ గిన్నిస్‌లో ఆల్కహాల్ 4.2 శాతం, అంటే మన మామూలు లైట్ బీరు కంటే ఎక్కువేమీ కాదు. నలుపు బాగా వేయించిన బార్లీ గింజల నుంచి వస్తుంది, ఆ మెత్తటి మీగడ లాంటి నురగ నైట్రోజన్ వాయువు నుంచి వస్తుంది. రంగు చూసి బలం అంచనా వేయడం సాధ్యం కాదు.

అపోహ: బీరులో గ్లిజరిన్ కలుపుతారు, నీళ్లలో బోర్లిస్తే దిగిపోతుంది

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. గ్లాసు నిండా నీళ్లు పోసి, మూత తీసిన సీసాను మూతి మునిగేలా బోర్లిస్తే, సీసా మూతి నుంచి పసుపురంగు తీగలు మెలికలు తిరుగుతూ గ్లాసు అడుగుకు జారడం కనిపిస్తుంది. "అదిగో గ్లిజరిన్" అంటారు. నిజానికి జారుతున్నది బీరే. ఈస్ట్ తినలేని మాల్టు చక్కెరలు బీరులో మిగిలిపోతాయి కాబట్టి చాలా బీర్లు నీళ్ల కంటే కాస్త బరువుగా ఉంటాయి. బరువైన ద్రవం కిందికి దిగుతుంది, తేలికైన నీళ్లు దాని స్థానంలో సీసాలోకి ఎక్కుతాయి. నమ్మకం కుదరకపోతే చిన్న సీసాలో కొంచెం రంగు కలిపిన చక్కెర నీళ్లు పోసి అలాగే బోర్లించి చూడండి, అవే తీగలు కనిపిస్తాయి. పులిసేటప్పుడు ఈస్ట్ స్వయంగా లీటరుకు ఒకటి రెండు గ్రాముల గ్లిజరిన్ తయారుచేస్తుంది. అది ప్రపంచంలోని ప్రతి బీరులోనూ, వైన్‌లోనూ ఉంటుంది, బోర్లించినంత మాత్రాన విడిపోయి బయటికి రాదు. ఈ పద్ధతి వల్ల జరిగేదల్లా డబ్బు పెట్టి కొన్న బీరులో నీళ్లు కలవడమే.

అపోహ: గడ్డకట్టేంత చల్లగా ఉండాలి, నురగ రాకూడదు

ఏప్రిల్, మే నెలల్లో మిర్యాలగూడ ఎండలో తిరిగి వచ్చినవారికి చల్లదనం మీద ఉండే ఆశను నేను తప్పుపట్టను. కానీ సున్నాకు దగ్గరలో ఉన్న బీరు నాలుకను మొద్దుబారుస్తుంది, వాసనను లేవనీయదు. లోపాలను దాచవలసిన బీరుకు అది మేలు, మంచి బీరుకు అన్యాయం. పిల్స్నర్‌కు 5 నుంచి 7 డిగ్రీలు, ట్రాపిస్ట్ బీర్లకు 10 డిగ్రీలకు కాస్త పైన ఉన్న చల్లదనం సరిపోతాయి. నురగ విషయానికి వస్తే, మన బార్లలో గ్లాసును వంచి ఒక్క బుడగ కూడా లేవకుండా పోస్తారు, నురగ వస్తే మోసం చేశారనుకుంటారు. పిల్సెన్‌లో మూడు వేళ్ల మందాన తడి నురగ లేని గ్లాసును ఎవరూ బల్ల మీద పెట్టరు, ఎందుకంటే ఆ నురగే బీరుకు గాలి తగలకుండా కాపాడి సువాసనను పట్టి ఉంచుతుంది.

అపోహ: ఆకుపచ్చ సీసా అంటే విదేశీ నాణ్యత

హాప్స్‌లోని చేదు పదార్థాలకు వెలుతురు సోకితే గంధకం కలిసిన ఒక ఘాటు వాసన పుడుతుంది. గోధుమరంగు గాజు ఆ వెలుతురును చాలావరకు ఆపుతుంది, ఆకుపచ్చ గాజు అంతగా ఆపదు, తెల్ల గాజు దాదాపు ఆపదు. మన ఎండలో వైన్స్ ముందు పెట్టిన ఆకుపచ్చ సీసా చెడిపోవడానికి ఎక్కువసేపు పట్టదు, అప్పుడు వచ్చే కంపునే "ఫారిన్ టేస్ట్" అనుకునేవారిని చూశాను. వెలుతురు తగలని టిన్ను చవకదనే చిన్నచూపు కూడా సరికాదు.

సీసా మీద తేదీ చూడడం అంతకన్నా ముఖ్యం. కాలిఫోర్నియాలోని చికో పట్టణంలో 1980లో మొదలైన సియెరా నెవాడా పేల్ ఏల్ అనే బీరును కాస్కేడ్ రకం హాప్స్ ఇచ్చే దబ్బపండు వాసన కోసమే తాగాలి. ఆ వాసన నెలలు గడిచేకొద్దీ, వేడి తగిలేకొద్దీ చచ్చిపోతుంది. ఆరు నెలలు గోదాములో మగ్గిన సీసా తాగి అమెరికా బీరు బాగాలేదనడం న్యాయం కాదు.

అపోహ: నీళ్లు ఎక్కడివైనా ఒకటే

ఈ మాట వేరే ఎవరైనా అనవచ్చు గాని నల్లగొండవాళ్లు అనకూడదు. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల భూగర్భజలంలోని ఫ్లోరైడ్ మనుషుల ఎముకలను ఎలా వంచిందో చూసిన జిల్లా మనది. ఆ ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తొలగించేందుకు నాగపూర్‌లోని నీరీ సంస్థ రూపొందించిన పద్ధతికి ప్రపంచమంతటా నల్లగొండ టెక్నిక్ అనే పేరు. నీళ్లలో కంటికి కనపడకుండా కరిగి ఉన్నది ఎంత పని చేయగలదో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

బీరులో తొంభై శాతానికి పైగా నీళ్లే. పిల్సెన్ నీళ్లలో లవణాలు అతి తక్కువ, అందుకే అక్కడి హాప్స్ చేదు నాలుకను గీరకుండా మెత్తగా దిగుతుంది. డబ్లిన్ నీళ్లలో కార్బొనేట్లు ఎక్కువ. వాటితో లేతరంగు మాల్టు నానబెడితే పులుపు సమతూకం కుదరదు. నల్లగా వేయించిన గింజలోని ఆమ్లగుణం ఆ లోటు తీరుస్తుంది, కాబట్టే నల్ల బీరు ఆ ఊరికి నప్పింది. ఇంగ్లండ్‌లోని బర్టన్ ఊరి బావుల్లో జిప్సం విపరీతంగా ఉండి, హాప్స్ చేదును పదునుగా, పొడిగా చేస్తుంది. ఇండియా పేల్ ఏల్ (ఐపీఏ) అక్కడ వర్ధిల్లడానికి కారణం అదే. ఆ బీరును మన దేశం కోసమే కనిపెట్టారన్న మాట మాత్రం పూర్తిగా నిజం కాదు. లండన్‌లోని బో ప్రాంతంలో హాడ్సన్ అనే బ్రూయర్ అప్పటికే ఉన్న ఒక రకం బీరును ఈస్టిండియా కంపెనీ ఓడలకు అమ్మాడు, 1820లలో బర్టన్‌వాళ్లు ఆ వ్యాపారాన్ని అందుకున్నారు. అదే ఓడల్లో నల్లటి పోర్టర్ బీరు కూడా పుష్కలంగా వచ్చేది. ఇప్పుడు నాలాంటివాళ్లు నీటిని ముందు ఆర్వో యంత్రంతో శుభ్రం చేసి, కాయవలసిన బీరును బట్టి జిప్సం, కాల్షియం క్లోరైడ్ తూచి కలుపుతారు. ఒక బ్యాచ్‌లో ఆ తూకం మారితే మూడు వారాల తరువాత గ్లాసులో తెలిసిపోతుంది.

అపోహ: పుల్లగా ఉంటే చెడిపోయినట్టే

మామూలు లాగర్ పుల్లబడితే చెడినట్టే, సందేహం లేదు. కానీ కల్లు తాగే నేల మీద పుట్టినవారికి బెల్జియం రాజధాని బ్రస్సెల్స్ చుట్టుపక్కల కాచే లాంబిక్ అనే పుల్లటి బీరు అర్థం కావడానికి అడ్డేమీ ఉండకూడదు. గౌడన్న లొట్టిలో ఈస్ట్ ఏదీ కలపడు, గాలిలోనూ లొట్టి గోడలకూ ఉన్నదే తాటి నీరాను కల్లుగా మారుస్తుంది, పొద్దెక్కేకొద్దీ బ్యాక్టీరియా పులుపు తెస్తుంది. లాంబిక్‌లోనూ బ్రూయర్ ఈస్ట్ వేయడు. బార్లీ మాల్టు, పచ్చి గోధుమలతో కాచిన ద్రవాన్ని చలికాలపు రాత్రి వెడల్పాటి, లోతు తక్కువ ఉన్న రాగి తొట్టెలో ఆరుబయటి గాలి తగిలేలా వదిలి, తెల్లవారాక చెక్క పీపాల్లో నింపుతాడు. కల్లు ఒక పూటలో చేసే పనిని అది ఒకటి నుంచి మూడేళ్లు చేస్తుంది. ఎండాకాలంలో గాలిలో చెడు సూక్ష్మజీవులు పెరుగుతాయి కాబట్టి కాయడం ఆపేస్తారు.

ఒక ఏడాదిది, రెండేళ్లది, మూడేళ్లది కలిపి సీసాలో మళ్లీ పులియబెడితే దాన్ని గ్యూజ్ అంటారు. బ్రస్సెల్స్‌లో 1900లో మొదలైన కాంటియోన్ బ్రూవరీది గాని, లెంబెక్ ఊళ్లోని బూన్ బ్రూవరీది గాని దొరికితే వదులుకోవద్దు. నిమ్మ పులుపు, తడి గడ్డి వాసన, కొట్టంలో తోలు వాసన ఒకదాని వెంట ఒకటి వస్తాయి. మొదటి గ్లాసు చాలామందికి నచ్చదు, రెండోసారి భోజనంతో పాటు తాగి చూడమని నా మనవి.

అపోహ: బార్లీతో చేస్తేనే అసలైన బీరు

బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప వేరేవి వాడరాదని బవేరియాలో 1516లో చట్టం చేసిన మాట నిజమే. అయితే అదే బవేరియాలో గోధుమ బీరు పాలకుల ప్రత్యేక హక్కుగా సాగింది. 1872లో గేయోర్గ్ ష్నైడర్ ఆ హక్కు సంపాదించి కాచిన గోధుమ బీరు నేటికీ అరటిపండు, లవంగం వాసనలతో దొరుకుతుంది. ఆ రెండూ ఈస్ట్ పుట్టించిన వాసనలే. బెల్జియంలోని హూగార్డెన్ ఊరి గోధుమ బీరులో ధనియాలు, నారింజ తొక్క వేస్తారు. అంతరించిపోయిన ఆ శైలిని 1966లో పియెర్ సెలిస్ మళ్లీ నిలబెట్టాడు.

పాలమూరు జొన్న తిని పెరిగినవారికి దక్షిణాఫ్రికా ఉంకొంబోతి ప్రత్యేకంగా చెప్పుకోదగినది. మొలకెత్తించిన జొన్న, మక్కలతో ఇళ్లలో ఆడవాళ్లు కాచే ఆ బీరు చిక్కగా, పుల్లగా, తక్కువ మత్తుతో ఉంటుంది. నైజీరియా 1988లో బార్లీ మాల్టు దిగుమతిని నిషేధించినప్పుడు అక్కడి పెద్ద బ్రూవరీలు జొన్నకు మారి చూపించాయి. మన జొన్నతో ఆ పని శ్రద్ధగా చేయాలని నాకు ఎంతో ఆశగా ఉంది.

అపోహ: బీరు తాగితే కిడ్నీలో రాళ్లు కరుగుతాయి

కరగవు. మూత్రం ఎక్కువ రావడం, రాయి కరగడం వేర్వేరు. ఆల్కహాల్ ఒంట్లో నీటిని తగ్గిస్తుంది కూడా. రాళ్లున్నవారు నీళ్లు తాగాలి, డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. మందుగా బీరు తాగమనే సలహా ఎవరిచ్చినా వినవద్దు.

అపోహ: డబ్బుంటే ఏ బీరైనా తెప్పించుకోవచ్చు

బెల్జియంలోని వెస్ట్‌ఫ్లెటెరెన్ మఠం సన్యాసులు తమ మఠం నడవడానికి కావలసినంతే కాచి, ఎక్కువగా ముందుగా చెప్పుకున్నవారికే అమ్ముతారు. కొన్నవారు దాన్ని తిరిగి అమ్ముకోకూడదన్నది వారి షరతు. డిమాండ్ ఎంత పెరిగినా వారు ఉత్పత్తిని దానికి తగ్గట్టు పెంచలేదు, ఆ నిర్ణయం పట్ల నాకు గౌరవం ఉంది. కాబట్టి బయట భారీ ధరకు అమ్ముతున్న ఆ సీసా వెంట పడవలసిన పని లేదు.

యూరప్ నుంచి వచ్చే బంధువు ఒకరు సుంకం లేకుండా రెండు లీటర్ల మద్యం తేవచ్చు. అందులో ప్రయాణానికి తట్టుకునేవే అడగండి. 750 మిల్లీలీటర్ల గ్యూజ్ ఒకటి, 330 మిల్లీలీటర్ల రోష్‌ఫోర్ 10 ఒకటి, అదే కొలతలో ఓర్వల్ రెండు చాలు. ఓర్వల్ మఠం సీసాలోనే బ్రెట్టనోమైసిస్ అనే మొండి ఈస్ట్ నెలల తరబడి పనిచేస్తూ ఉంటుంది కనుక, ఒకటి వచ్చిన వారంలో తాగి, రెండోది చీకటి అరలో ఏడాది దాచి తాగితే రెండు వేర్వేరు బీర్లు తాగినట్టు ఉంటుంది. పిల్స్నర్, ఐపీఏ మాత్రం సూట్‌కేసులో తెప్పించవద్దు, వాటిని పుట్టిన చోటే తాజాగా తాగాలి, లేదా దగ్గరలో ఉన్న బ్రూవరీలో ఈ వారం ట్యాంకు నుంచి దిగినదాన్ని అడిగి తాగాలి.