గయుడి ఉమ్మి నుంచి హల్క్ దాకా

కోరంగి మడ అడవి చూసొచ్చిన మర్నాడు మా మేనల్లుడు లెక్కల నోటుబుక్కు వెనక పేజీలో ఓ బొమ్మ వేశాడు. మోకాలిలోతు బురద, అందులోంచి మేకుల్లా పొడుచుకొచ్చిన మడచెట్ల వేళ్ళు, వాటి మధ్య నాచు కప్పుకున్న రెండు ఆకారాలు. అమెరికాలో బొమ్మల కథలు (కామిక్స్) అచ్చేసే పోటీ కంపెనీలు రెండున్నాయి, డీసీ, మార్వెల్. ఒకటి డీసీ వాళ్ళ స్వాంప్ థింగ్, రెండోది మార్వెల్ వాళ్ళ మ్యాన్ థింగ్. గట్టు మీద డీసీ వాళ్ళ బ్యాట్‌మ్యాన్, పంచె ఎగ్గట్టుకుని. "వీళ్ళంతా ఒకే పుస్తకంలో ఎందుకుండరు మామయ్యా?" అన్నాడు.

ఈ బురద భూతాలు రెండూ పుట్టింది 1971లోనే, నెలల తేడాతో. మ్యాన్ థింగ్ సృష్టికర్తల్లో ఒకరైన గెర్రీ కాన్వే, స్వాంప్ థింగ్ కథ రాసిన లెన్ వీన్ అప్పట్లో ఒకే గదిలో అద్దెకుండేవారు. ఎవరిది ముందు, ఎవరిది వెనక అన్న తగువు అభిమానులు ఇప్పటికీ తెగనివ్వరు. నాకు తమాషాగా తోచేది ఆ తర్వాతి సంగతి. 1976లో రెండు కంపెనీలూ కలిసి డీసీ సూపర్‌మ్యాన్‌నీ మార్వెల్ స్పైడర్‌మ్యాన్‌నీ ఎదురెదురుగా నిలబెట్టినప్పుడు ఆ కథ రాసింది కాన్వే. 1981లో బ్యాట్‌మ్యాన్‌కీ మార్వెల్ వాళ్ళ ఆకుపచ్చ బలశాలి హల్క్‌కీ ముడిపెట్టింది వీన్. అందులో బ్యాట్‌మ్యాన్ మత్తు గ్యాసు వదిలితే హల్క్ ఊపిరి బిగబడతాడు. పొట్టలో ఒక్క తన్ను తన్ని ఆ గ్యాసు పీల్పిస్తాడు బ్యాట్‌మ్యాన్. బలం చాలని చోట ఉపాయమన్నమాట.

1976 కథలో హీరోలిద్దరూ మొదట అపార్థంతో కొట్టుకుని, తర్వాత చేతులు కలుపుతారు. సూపర్‌మ్యాన్ ముందు స్పైడర్‌మ్యాన్ ఆగలేడు కాబట్టి సూపర్‌మ్యాన్ శత్రువు లూథర్, సూపర్‌మ్యాన్ బలాన్ని హరించే ఎర్రసూర్యుడి శక్తిని స్పైడర్‌మ్యాన్‌లోకి ఎక్కిస్తాడు. ఇద్దరు మంచివాళ్ళని ఒకరి మీదికొకర్ని తోలే ఈ ఎత్తు మన గోదావరి వాళ్ళకి కొత్తేం కాదు. ఖండవల్లిలో పుట్టిన చిలకమర్తి లక్ష్మీనరసింహం 'గయోపాఖ్యానం' నాటకంలో జరిగేదీ ఇదే. గయుడు ఆకాశంలోంచి ఉమ్మిన ఉమ్మి కృష్ణుడి దోసిట్లో పడుతుంది. వాణ్ణి చంపుతానని కృష్ణుడు శపథం పడతాడు. సంగతి తెలియక అర్జునుడు అభయమిస్తాడు. ఇక బావా బావా ఒకరి మీదొకరు విల్లెక్కుపెట్టాల్సిందే. అయితే కృష్ణార్జునుల్ని తలపడనివ్వడానికి చిలకమర్తి ఏ హక్కుదారుడి సంతకం కోసమూ ఎదురుచూడక్కర్లేకపోయింది.

అమెరికాలో చిక్కంతా ఆ సంతకం దగ్గరే. మార్వెల్ హీరోల దండు అవెంజర్స్, డీసీ హీరోల దండు జస్టిస్ లీగ్ కలిసే కథ 1983లో రావాల్సింది, కొన్ని పేజీలు గీశాక రెండు ఆఫీసుల మధ్య పేచీలతో ఆగిపోయింది. చివరికి వెలువడింది 2003లో.

భూతాల దారి వేరు. అమెరికా కామిక్స్ ప్రచురణకర్తలు తమకు తాము పెట్టుకున్న 1954 నాటి కామిక్స్ కోడ్ రక్తపిశాచాలనీ తోడేలు మనుషులనీ గెంటేసింది. 1971లో పట్టు సడలాక డ్రాకులా తిరిగొచ్చాడు. 1897 నాటి నవలలో పాత్ర, హక్కుల బెడద లేదు. 1972లో మార్వెల్ అతని పేరున సిరీస్ పెట్టింది, 1991లో డీసీ అతణ్ణి బ్యాట్‌మ్యాన్ మీదికి తోలింది. మన బేతాళుడూ ఆ బాపతే. చందమామలో విక్రమార్కుడి భుజమ్మీద ఏళ్ళ తరబడి కూర్చున్నా ఆ భుజానికి ఎవరూ పట్టా రాయించుకోలేదు.

సినిమా భూతాలకి మాత్రం యజమానులున్నారు, కాకపోతే మారుతుంటారు. మనుషుల్ని వేటాడే గ్రహాంతర భూతం ప్రిడేటర్ కామిక్స్ డార్క్ హార్స్ అనే ప్రచురణ సంస్థ చేతిలో ఉన్నప్పుడు, 1991లో, అది బ్యాట్‌మ్యాన్‌తో పోరాడింది. ప్రిడేటర్ సినిమాల ఫాక్స్ కంపెనీని మార్వెల్ యజమాని డిస్నీ కొన్నాక అది మార్వెల్ చేతికొచ్చి 2023లో మార్వెల్ హీరో వుల్వరిన్ మీద పడింది. గాడ్జిల్లా 1977లో మార్వెల్ ఇంట్లో 24 సంచికలు ఉండి, 2023లో డీసీ వాకిట్లో తేలింది. 2025లో మార్వెల్ డెడ్‌పూల్, డీసీ బ్యాట్‌మ్యాన్ కలిశారంటే పెద్ద కంపెనీల మధ్య తలుపు మళ్ళీ కాస్త తెరుచుకున్నట్టే.

ఇదంతా చెప్పేలోపు మావాడు మడచెట్టుకి బేతాళుణ్ణి తలకిందులుగా వేలాడదీశాడు. "వీడొక్కడికే పర్మిషన్ అక్కర్లేదురా, మిగతావాళ్ళకి కావాలి" అన్నాను.

"లెక్కల మాస్టారు చూడకపోతే చాలు" అన్నాడు, హల్క్‌కి ఆకుపచ్చ స్కెచ్ పెన్ను వెతుక్కుంటూ.