క్రిమిరహితమైన ట్యూబులో ఏం మిగులుతుంది?

మాలిక్యులర్ బయాలజీ ప్రయోగశాలల్లో వాడే చిన్న ట్యూబులు ఎక్కువగా పాలీప్రొపిలీన్‌తో తయారవుతాయి. ఈ ప్లాస్టిక్ సుమారు 160 డిగ్రీల సెల్సియస్ దగ్గర గాని కరగదు కనుక, ఆటోక్లేవ్‌లో (పీడనంతో కూడిన ఆవిరితో క్రిములను చంపే పరికరంలో) 121 డిగ్రీల ఆవిరిని 15-20 నిమిషాలు తట్టుకుంటుంది. 100 డిగ్రీల లోపే మెత్తబడిపోయే పాలీస్టైరీన్ సామగ్రిని గామా కిరణాలతోనో మరో పద్ధతిలోనో శుద్ధి చేయాలి. ఎలా చేసినా మొండి బ్యాక్టీరియా స్పోర్లు (గట్టి పొర కప్పుకున్న నిద్రాణ రూపాలు) సైతం చస్తాయి. సూక్ష్మజీవులను పెంచేవారికి అంతే చాలు.

డీఎన్ఏతో పనిచేసేవారికి మాత్రం చచ్చిన సూక్ష్మజీవి కూడా సమస్యే. ఆటోక్లేవ్ జీవిని చంపుతుంది గాని దాని అవశేషాలను ట్యూబులోంచి తీసివేయదు. డీఎన్ఏకు నకళ్లు తీసే పీసీఆర్ పద్ధతిలో అది ప్రతి చక్రానికీ రెట్టింపవుతుంది కాబట్టి, లెక్క ప్రకారం 30 చక్రాలు తిరిగేసరికి ఒక్క అణువు నూరు కోట్లు దాటుతుంది. అందులో పరాయి ముక్క ఒక్కటున్నా ఫలితం తారుమారు కావచ్చు. జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్స్‌లలో ఒకదానితో ఒకటి పొంతనలేని నేరాల దగ్గర ఒకే స్త్రీ డీఎన్ఏ దొరుకుతుంటే పోలీసులు ఏళ్ల తరబడి ఆమె కోసం గాలించారు. చివరికి 2009లో తేలిందేమిటంటే, ఆ డీఎన్ఏ నమూనాలు సేకరించే దూది పుల్లల తయారీలో పాల్గొన్న ఒక కార్మికురాలిది. ఆ పుల్లలు క్రిమిరహితమైనవే!

డీఎన్ఏలోని సమాచారాన్ని మోసే ఆర్ఎన్ఏ మీద పనిచేసే పరిశోధకుల పాట్లు ఇంకో రకం. ఆర్ఎన్ఏను తునకలు చేసే ఆర్ఎన్ఏజ్ అనే ఎంజైమ్ మన చర్మం మీదా ఉంటుంది. ఆ కుటుంబంలోని ఆర్ఎన్ఏజ్-ఎ నిర్మాణాన్ని నాలుగు డైసల్ఫైడ్ బంధాలు బిగించి ఉంచడం వల్ల, వేడికి విప్పుకున్నా చల్లబడ్డాక మళ్లీ ముడుచుకుని పనికి సిద్ధమవుతుంది. అందుచేత ట్యూబుల సంచీ మీద ‘స్టెరైల్’ అన్న మాటకన్నా ‘ఆర్ఎన్ఏజ్ లేదు, డీఎన్ఏ లేదు’ అన్న హామీయే వీరికి ముఖ్యం. అటువంటి సంచీని విప్పి, ట్యూబులను చేతులతో బీకరులోకి ఎత్తి, అందరూ వాడే ఆటోక్లేవ్‌లో పెట్టడం నా దృష్టిలో శుభ్రతను పెంచకపోగా తగ్గించే పనే; తొడుగులు వేసుకుని నేరుగా వాడుకోవడమే మేలు.

అనుమానం తీర్చుకోవడానికి ప్రతి పీసీఆర్‌తోపాటు, నమూనాకు బదులు శుద్ధమైన నీరు వేసిన ట్యూబొకటి నడుపుతారు. అందులోనూ డీఎన్ఏ పెరిగితే కలుషితం ఎక్కడో జరిగినట్టే. అయితే నేరం ట్యూబుదేనని అప్పుడే తీర్మానించకూడదు: నీరు, ద్రవాలను కొలిచి పోసే పిపెట్, చివరికి డీఎన్ఏ నకళ్లు తీసే, బ్యాక్టీరియాలో తయారైన పాలిమరేజ్ ఎంజైమ్ కూడా అనుమానితులే.