ప్రవాహం పక్కలకి విచ్చుకుంటే బౌండరీ లేయర్‌కి ఏమవుతుంది? దీని వెనక కథ

కాలేజీలో బౌండరీ లేయర్ (గోడకి ఆనుకుని, రాపిడి వల్ల వేగం తగ్గిన పలచటి ప్రవాహపు పొర) అనగానే ఫ్లాట్ ప్లేట్ బొమ్మ గీసి, దాని మీద వెలాసిటీ ప్రొఫైల్ (గోడ నుంచి దూరం పోయేకొద్దీ వేగం ఎలా మారుతుందో చూపే గీత) గీసి, అక్కడితో వదిలేస్తారు. కానీ సబ్‌మెరైన్ ముక్కు దగ్గర చూడండి, వెనక్కి పోయేకొద్దీ చుట్టుకొలత పెరుగుతుంది కదా, అందుకని స్ట్రీమ్‌లైన్లు (ప్రవాహం సాగే దారి గీతలు) సమాంతరంగా ఉండకుండా గోడ వెంబడే పక్కలకి విచ్చుకుంటూ పోతాయి. దీన్నే లేటరల్ డైవర్జెన్స్ అంటారు.

1904లో జర్మన్ శాస్త్రవేత్త ప్రాంట్ల్ బౌండరీ లేయర్ సంగతి చెప్పాక చాలాకాలం టర్బులెంట్ (సుడులతో గజిబిజిగా సాగే) ప్రవాహాల లెక్కలు ఎక్కువగా టూడీ (పక్కలకి మార్పు లేని) ప్రవాహాల చుట్టూనే తిరిగాయి, 1968లో స్టాన్‌ఫర్డ్‌లో రకరకాల పద్ధతుల్ని పక్కపక్కన పెట్టి పోల్చినప్పుడు కూడా వాడిన డేటాలో ఎక్కువ భాగం టూడీయే.

విచ్చుకుంటే పొర పలచబడుతుంది, చపాతీ ఒత్తినట్టే, ఇది మాస్ కన్సర్వేషన్ (ద్రవ్యరాశి మాయం కాదన్న సూత్రం) తోనే తేలిపోతుంది. చిక్కంతా టర్బులెన్స్‌తోనే. ప్రవాహానికి అడ్డంగా పడున్న సుడులు పక్కలకి సాగి ఇంకా బలంగా తిరుగుతాయి, ఎడ్డీల (ఈ సుడుల) తీరే మారిపోతుంది. 1973లో ఇంపీరియల్ కాలేజ్‌కి చెందిన పీటర్ బ్రాడ్‌షా, వంపు, డైవర్జెన్స్ లాంటి వాటన్నిటినీ ఎక్స్‌ట్రా స్ట్రెయిన్ (మామూలు షియర్‌కి తోడుగా ప్రవాహం అదనంగా సాగడం, వంగడం) అని ఒకే గాటన కట్టి చెప్పింది ఏంటంటే, ఈక్వేషన్లలో కనిపించే అదనపు టర్మ్స్ చూసి మనం ఎంత ప్రభావం ఉంటుందనుకుంటామో నిజంగా దానికి పది రెట్లు ఉంటుందని. అంటే అసలు షియర్‌లో (పక్కపక్క పొరల వేగాల తేడాలో) 1 శాతం ఉన్న స్ట్రెయిన్ కూడా టర్బులెన్స్‌ని 10 శాతం దాకా కదిలించగలదు, అదీ వెంటనే కాదు, పొర మందానికి పది రెట్ల దూరం పోయేలోగా మెల్లగా. నాకైతే ఈ మొత్తం కథలో ఇదే గొప్ప విషయం, ఎందుకంటే చిన్న టర్మ్ కదా అని కొట్టేయడం మనందరికీ అలవాటు.

1979లో స్మిట్స్, ఈటన్, బ్రాడ్‌షా కలిసి సిలిండర్ చివర గరాటులా విచ్చుకునే ఫ్లేర్ మీద కొలిచారు, కాకపోతే అక్కడ మొదట్లో వంపు ప్రభావం కూడా కలిసిపోయింది. ఆ వంపు గొడవ లేకుండా చదునైన గోడ మీద డైవర్జెన్స్‌ని విడిగా పట్టుకున్నది సద్దౌఘీ, జూబర్ట్‌ల ప్రయోగం, 1991లో వచ్చింది. 1996లో మన బెంగళూరు ఐఐఎస్‌సీ వాళ్ళు ఇలాంటి విచ్చుకునే ప్రవాహంలోనే టర్బులెంట్ స్పాట్ (నున్నటి ప్రవాహంలో మొదట పుట్టే టర్బులెన్స్ మచ్చ) ఎలా పెరుగుతుందో చూశారు.

టర్బులెన్స్‌ని లెక్కగట్టడానికి ఎక్కువగా వాడే మామూలు కే-ఎప్సిలాన్ మోడల్‌కి ఈ పది రెట్ల సంగతి దానంతట అది తెలీదు. అందుకే ముక్కు భాగం మీద సీఎఫ్‌డీ (కంప్యూటర్‌తో ప్రవాహాన్ని లెక్కగట్టడం) రన్ చేసేవాళ్ళు ఫ్లాట్ ప్లేట్‌తో మ్యాచ్ అయింది కదా అని ఆగకుండా ఆ 1979, 1991 డేటాతో కూడా ఒకసారి పోల్చి చూడండి.