అనంతపురం ధూళిలో పర్ఫార్మెన్స్ ఎయిర్ ఫిల్టర్: అపోహలు - వాస్తవాలు

తాడిపత్రిలో కడప బండలకు పాలిష్ పట్టే యూనిట్‌లో పనిచేసే కుర్రవాడు ఒకడు మొన్న వేసవిలో తన 150 సీసీ బైకును అనంతపురంలోని నా షెడ్డుకు తెచ్చాడు. సీటు తీసి చూస్తే ఫిల్టర్ ఉండాల్సిన ప్లాస్టిక్ డబ్బా, అదే ఎయిర్ బాక్సే లేదు. ఆ చోటులో కార్బురేటర్ మూతికి తగిలించిన ఎర్రటి కోన్ ఫిల్టర్ ఒకటి, దాని మీద వేలెడు మందాన బండల పొడి. సైలెన్సర్ నుంచి నీలం పొగ. "అన్నా, పెట్టించిన కొత్తలో బండి భలే లాగేది. ఇప్పుడు ఇంజన్ ఆయిల్ ఎటు పోతోందో తెలియడం లేదు" అన్నాడు. సిలిండర్ విప్పి లోపల తడిమితే గోటికి తగిలేటంత గీతలు. బోరు, పిస్టన్, రింగులు కలిపి ఆ ఫిల్టర్ ధరకు మూడింతలు ఖర్చు తేలింది. అంతా బిగించి తాళం చేతికిస్తుంటే అతను అడిగిన మొదటి మాట: "మళ్లీ ఆ ఫిల్టరే పెట్టవచ్చా అన్నా? సౌండు బాగుంటుంది."

ఇంజన్‌కు ఎక్కువ గాలి ఇస్తాయని అమ్మే ఈ పర్ఫార్మెన్స్ ఫిల్టర్లంటే నాకు పగేమీ లేదు, అమ్ముతాను, బిగిస్తాను. కానీ అడిగి వచ్చేవారిలో ఎక్కువమంది ఎంత గాలి లోపలికి పోతుందనే చూస్తారు, ఆ గాలితోపాటు ఏం పోతుందో చూడరు. అనంతపురంలో సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. ఆషాఢం గాలులకు ఉరవకొండ వైపు గాలిమరలు తిరిగినంత జోరుగా ఎర్రమట్టి కూడా లేస్తుంది. వేరుశనగ నూర్పిళ్ల రోజుల్లో పల్లె దారులు, బండల యూనిట్లు, సిమెంటు లారీలు వెళ్లే రోడ్లు సరేసరి. ఒక లీటరు పెట్రోలు మండాలంటే ఇంజన్‌కు సుమారు 9,000 లీటర్ల గాలి కావాలి. లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే బండి వెయ్యి కిలోమీటర్లు తిరిగేసరికి రెండు లక్షల లీటర్ల గాలి పీల్చుకుంటుంది. మన వీధుల్లోకి వచ్చే 5,000 లీటర్ల నీళ్ల ట్యాంకర్లతో కొలిస్తే నలభై ట్యాంకర్లు. అంత గాలినీ వడకట్టేది అరచేతిలో పట్టే ఆ ఒక్క ముక్కే.

అపోహ: ఫిల్టర్ మారిస్తే బండి పవర్ అమాంతం పెరుగుతుంది.

వాస్తవం: కంపెనీ ఇచ్చిన కాగితం ఫిల్టర్ శుభ్రంగా ఉన్నంతవరకు గాలికి అది పెద్ద అడ్డు కాదు. 150 సీసీ ఇంజన్ నిమిషానికి 5,000 చుట్లు తిరిగేటప్పుడు లెక్క ప్రకారం పీల్చగలిగేది నిమిషానికి 375 లీటర్లు. నాలుగు స్ట్రోకుల ఇంజన్ కాబట్టి రెండు చుట్లకు ఒకసారే గాలి తీసుకుంటుంది. ఆ మాత్రం గాలిని మడతల కాగితం సులువుగానే వదులుతుంది. ఇరుకంతా ఎయిర్ బాక్సు ముక్కు దగ్గర, వాల్వుల దగ్గర, సైలెన్సర్‌లో ఉంటుంది. అందుకే అదే ఎయిర్ బాక్సులో పాత ఫిల్టర్ స్థానంలో కాటన్ ఫిల్టర్ (నూనె పట్టించిన దూదితో చేసే పర్ఫార్మెన్స్ రకం) పెడితే చిన్న బళ్లలో తేడా చేతికి అందనంత కొద్దిగానే ఉంటుంది. మరి "తేడా తెలుస్తోంది" అని అంతమంది ఎందుకంటారు? రెండు కారణాలు. వాళ్లు పోల్చేది మూసుకుపోయిన పాత ఫిల్టర్‌తో. ఆ స్థానంలో కంపెనీదే కొత్తది వేసినా బండి తేలికపడేది. రెండోది శబ్దం. గాలి పీల్చే చప్పుడు గట్టిగా వినబడితే మనసు దాన్ని వేగం ఖాతాలో వేసుకుంటుంది.

నమ్మకం కుదరకపోతే మీరే కొలుచుకోండి. మీటరు కనిపించేలా ఫోను హ్యాండిల్‌కు బిగించి వీడియో పెట్టండి. రద్దీ లేని వేళ, ఒకే రోడ్డు మీద, మూడో గేరులో 40 నుంచి 70కి ఎన్ని సెకన్లలో చేరుతుందో రెండు దిక్కులా తీయండి. రెండు దిక్కులా ఎందుకంటే, ఎదురుగాలి ఒక్కటే మీ ఫిల్టర్ ఇచ్చే లాభాన్ని మింగేయగలదు. కొత్త కాగితం ఫిల్టర్‌తో ఒకసారి, కాటన్ ఫిల్టర్‌తో ఒకసారి చేసి చూస్తే నాతో వాదించే పని ఉండదు.

మైలేజీ పెరుగుతుందన్న మాటకు కూడా ఇదే జవాబు. లోపలికి వచ్చే గాలికి తగ్గ పెట్రోలు కలపడమే కార్బురేటర్ పనైనా, ఇంజెక్షన్ పనైనా. మైలేజీ పెరగాలంటే ముందు టైర్లలో గాలి చూసుకోండి, ఆ గాలి చవక.

అపోహ: ఎండాకాలంలో బండి లాగకపోవడం ఫిల్టర్ లోపమే.

వాస్తవం: 42 డిగ్రీల గాలి 20 డిగ్రీల గాలికంటే దాదాపు ఏడు శాతం పలుచన. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం బండి నీరసపడటం ప్రకృతి చేసే పని. కోన్ ఫిల్టర్ పెట్టినవారు దీన్ని ఇంకా పెంచుకుంటారు. ఎయిర్ బాక్సు పోయాక ఆ ఫిల్టర్ పీల్చేది సిలిండర్ పక్కన కాగిన గాలినే.

అపోహ: ఎయిర్ బాక్సు వట్టి ప్లాస్టిక్ డబ్బా, తీసేసి కోన్ పెడితే ఇంజన్‌కు ఊపిరి ఆడుతుంది.

వాస్తవం: ఆ డబ్బా ఘనపరిమాణం, దాని ముక్కు పొడవు కంపెనీవాళ్లు లెక్కగట్టి పెట్టినవి. వాల్వు మూసుకున్నప్పుడల్లా వెనక్కి తన్నే గాలి అలను తిప్పి సరైన వేళకు లోపలికి నెట్టడం దాని పనుల్లో ఒకటి. ఊళ్లో మనం రోజూ నడిపే మధ్య వేగాల్లో లాగుడు నిలబడేది దానివల్లే. అది తీసేస్తే పై వేగంలో కొంచెం దొరికినా, కింద వేగంలో అంతకంటే ఎక్కువ పోతుంది. వాక్యూమ్‌తో లోపలి చిన్న పిస్టన్ లేచే రకం కార్బురేటర్ అయితే ఇంకా కష్టం. లోపలి ఒత్తిడి లెక్క తప్పి, యాక్సిలరేటర్ తిప్పగానే బండి తడబడుతుంది.

కోన్ పెట్టాక గాలి ఎక్కువై పెట్రోలు తగ్గితే, ఆ మిశ్రమం ఇంజన్‌ను కాల్చుకు తింటుంది. ప్లగ్ తీస్తే ఇటుక రంగు బదులు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటుంది, యాక్సిలరేటర్ వదిలినప్పుడు సైలెన్సర్‌లో టపటపమంటుంది. దానికి కార్బురేటర్‌లో పెట్రోలు వదిలే రంధ్రం, అంటే మెయిన్ జెట్ పెద్దది వేయాలి, పెట్రోలును తగ్గించి పెంచే సూది క్లిప్పు మార్చాలి, ప్లగ్ రంగు చూసుకుంటూ మళ్లీ మళ్లీ సరిచేయాలి. కోన్ ఫిల్టర్ అమ్మిన చోట ఈ మాట చెప్పేవారిని నేను ఇంతవరకు చూడలేదు.

ఇంకో సంగతి. ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే భాగం, అంటే క్రాంక్‌కేస్ నుంచి ఒక రబ్బరు గొట్టం ఎయిర్ బాక్సులోకి పోతుంది. ఇంజన్ లోపలి ఆవిరిని మళ్లీ మండించడానికి అది. బాక్సు తీసిన కొందరు ఆ గొట్టాన్ని నేల వైపు వేలాడదీసి వదిలేస్తారు. అటు ఆయిల్ చెమ్మ కారుతుంది, ఇటు ఆ గొట్టం గుండానే ధూళి లోపలికి పోయే దారి పడుతుంది.

అపోహ: ఇంజెక్షన్ బండి అయితే అన్నీ అదే సర్దుకుంటుంది.

వాస్తవం: సగం నిజం. 2020 ఏప్రిల్ 1న బీఎస్ 6 కాలుష్య నిబంధనలు వచ్చాక మన బైకులు చాలావరకు ఇంజెక్షన్‌కు మారాయి. సైలెన్సర్ పైపులోని ఆక్సిజన్ సెన్సర్ ఒకే వేగంలో సాగేటప్పుడు మిశ్రమాన్ని సరిదిద్దుతుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పినప్పుడు కంప్యూటర్ దాని మాట వినదు. లోపల రాసిపెట్టిన పట్టిక ప్రకారమే పెట్రోలు పోస్తుంది. అదే బాక్సులో అదే కొలత కాటన్ ఫిల్టర్ పెడితే ఈ సర్దుబాటు చాలు. కోన్ పెడితే చాలదు. పైగా కొన్ని బళ్లలో గాలి వేడిని కొలిచే సెన్సర్ ఆ బాక్సుకే బిగించి ఉంటుంది.

ఫిల్టర్ నూనె సెన్సర్‌ను పాడుచేస్తుందన్న భయం కార్ల నుంచి వచ్చింది. కార్లలో గాలి దారిలో వేడి తీగతో కొలిచే సెన్సర్ ఉంటుంది. మన బైకుల్లో ఎక్కువ వాటికి అది ఉండదు, ఒత్తిడిని కొలిచే సెన్సర్‌తోనే పని. అలాగని నూనె కారేలా పూయమని కాదు; ఇంజన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ బాడీ జిడ్డు కడుతుంది.

అపోహ: కాటన్ ఫిల్టర్ జీవితకాలం వస్తుంది, ఇక దాన్ని ముట్టుకోనక్కర్లేదు.

వాస్తవం: జీవితకాలం వస్తుంది, కడిగి నూనె పట్టిస్తేనే. ఈ రకం ఫిల్టర్లు బైకు పందేల ప్రపంచంలో పెరిగినవి. 1969లో కాలిఫోర్నియాలో మొదలైన కె అండ్ ఎన్ పేరు అందరూ విన్నదే. పందెం బండి ఇంజన్‌ను తరచూ విప్పి చూసుకుంటారు. మన బండి విప్పకుండా లక్ష కిలోమీటర్లు తిరగాలి. కాటన్ వలలో రంధ్రాలు కాగితం కంటే పెద్దవి. ధూళిని పట్టేది ఆ జిగట నూనె. నూనె ఆరిపోతే మిగిలేది దోమతెర.

కడిగే పద్ధతి ఇదీ. దానికోసమే అమ్మే క్లీనర్ చల్లి పది నిమిషాలు ఆగాలి. శుభ్రంగా ఉన్న వైపు నుంచి మురికి వైపుకు, సన్నటి ధార నీళ్లతో కడగాలి. నీడలో పూర్తిగా ఆరనివ్వాలి. ప్రతి మడత మీద ఒక్క గీతగా ఫిల్టర్ నూనె వేసి ఇరవై నిమిషాలు వదలాలి. రంగు అంతటా సమంగా పాకిందా చూసి, తెల్లగా మిగిలిన చోట మరో చుక్క. పెట్రోలు, కిరోసిన్‌తో కడిగితే అంచు రబ్బరు ఉబ్బి జిగురు వదులుతుంది. ఇంజన్ ఆయిల్ పూస్తే నిలవదు, జారి లోపలికి పోతుంది. కంప్రెసర్ గాలి కొడితే దూది చీలుతుంది. ఈ మూడూ మా వీధిలోనే రోజూ జరుగుతాయి.

కాగితం ఫిల్టర్‌కు వారం వారం గాలి కొట్టించేవారికి కూడా ఒక మాట. పలుచగా ధూళి పట్టిన ఫిల్టర్ కొత్తదానికంటే బాగా వడకడుతుంది, బిందెకు కట్టిన గుడ్డలాగే. మాటిమాటికి దులిపితే ఆ పొర పోతుంది, కాగితం చిల్లులు పడుతుంది. కొన్ని బళ్లకు నూనె తడి ఉన్న కాగితం ఫిల్టర్ వస్తుంది. దాన్ని దులపకూడదు, కడగకూడదు, మార్చడమే. మాన్యువల్‌లో రాసిన కిలోమీటర్లు మామూలు రోడ్లకు. పల్లె దారుల్లో తిరిగే బండికి నేను సగానికే మారుస్తాను.

ఇక ఏది కొనాలి? 44వ నంబరు జాతీయ రహదారి మీద బెంగళూరుకు వెళ్లివచ్చే 300, 400 సీసీ బండికి, కడిగి నూనె పూసే ఓపిక ఉన్నవారికి కాటన్ ఫిల్టర్ ఇస్తాను. బండల యూనిట్, క్వారీ, పొలం దారి అయితే కంపెనీ కాగితమే. డబ్బులిస్తానన్నా ఇంకోటి వేయను. కొనేటప్పుడు ధూళిని ఎంత శాతం ఆపుతుందో, ఎయిర్ ఫిల్టర్లను పరీక్షించే ఐఎస్ఓ 5011 పరీక్ష ఫలితం ఉందో లేదో అడగండి. గాలి ఎంత ఎక్కువ వదులుతుందో మాత్రమే పెట్టె మీద రాసి, ఎంత ధూళి ఆపుతుందో రాయని సరుకు వద్దు.

బిగించేటప్పుడు చేసే తప్పులు ఫిల్టర్ ఎంపికలో చేసే తప్పులకంటే ఖరీదైనవి. ముందు బాక్సు లోపల తడిగుడ్డతో తుడవండి, ఆ సమయంలో ఇంజన్ వైపు దారిని గుడ్డతో మూయండి, తర్వాత ఆ గుడ్డ తీయడం మరవకండి (నవ్వకండి, మరిచినవారున్నారు). బాక్సు అడుగున చిన్న గొట్టం మూతలో నీళ్లు, ఆయిల్ చేరితే వంపేయండి. ఫిల్టర్ రబ్బరు అంచుకు పలుచగా గ్రీజు రాసి గాడిలో కూర్చోబెట్టాలి, మూత స్క్రూలు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి. ఒక మూలన వెంట్రుకవాసి సందు మిగిలినా గాలి ఆ సందులోంచే ముందు దూరుతుంది. తర్వాత బాక్సుకు, కార్బురేటర్‌కు మధ్య రబ్బరు గొట్టం పగిలిందేమో, దాని క్లాంపు వదులుగా ఉందేమో చూడాలి.

ఐదు వందల కిలోమీటర్లు తిరిగాక ఫిల్టర్ తీసి, దాని వెనకనున్న శుభ్రమైన వైపు తెల్ల గుడ్డతో తుడిచి, గుడ్డను రెండు వేళ్ల మధ్య రుద్దండి. జిడ్డు మాత్రమే అంటితే ఫరవాలేదు. గరగరమంటే అంచు సరిగ్గా కూర్చోలేదు. ఆ రోజే విప్పి మళ్లీ బిగించండి. తాడిపత్రి కుర్రవాడి బండికి పాత ఎయిర్ బాక్సు కోసం ఇనుప సామాన్ల కొట్లన్నీ తిరిగి చివరికి ఒకటి సంపాదించాను. కోన్ ఫిల్టర్ ఇంకా నా షెడ్డు గోడకు వేలాడుతోంది, వచ్చినప్పుడల్లా అతను దానివైపు ఒకసారి చూస్తాడు.