కట్టె భరిణె, దాని మూత, మధ్యలో నీళ్లు

శ్రావణ శుక్రవారం పేరంటాల్లో కొన్ని ఇళ్లలో ఒక చిన్న అవస్థ కనిపిస్తుంటుంది. కట్టెతో చేసిన కుంకుమ భరిణె మూత రాదు. ఒకరు గుంజుతారు, ఇంకొకరు తిప్పి చూస్తారు, చివరికి ఎవరో చాకు మొన అంచులో దూర్చి లేపుతారు. మూత వస్తుంది, దాంతోపాటు ఒక పెచ్చు కూడా ఊడి వస్తుంది. అదే భరిణెను రోహిణి కార్తెలో, రోళ్లు పగిలే ఎండల్లో చేతిలోకి తీసుకుంటే మూత దానంతటదే జారి పడుతుంది. చేసినవాడికి పని రాదనుకుంటాం. కానీ చేసిన రోజు ఆ మూత సరిగ్గానే కూర్చుని ఉంటుంది. కట్టె కదిలింది ఆ తర్వాతే.

లేత్ అంటే కట్టెను గిరగిరా తిప్పుతూ ఉలితో గుండ్రంగా తీసే యంత్రం. దాని మీద చేసే వస్తువుల్లో మూత గిన్నె అంత మొండిది ఇంకోటి లేదని నా అభిప్రాయం. పట్టె మంచం కోడు ఒక మిల్లీమీటరు సన్నబడితే ఎవరికీ తెలియదు. చపాతీ కర్ర కాస్త కోలగా మారినా రొట్టెకు వచ్చిన నష్టమేమీ లేదు. మూతతో అలా కుదరదు. గిన్నె అంచుకూ మూత లోపలి అంచుకూ మధ్య ఒక కాగితం మందం, అంటే మిల్లీమీటరులో పదో వంతు సందు ఉంటే హాయిగా వస్తుంది, పోతుంది. సందు రెండు మూడు కాగితాలంత అయితే లొడలొడ, అసలే లేకపోతే బిగుసుకుపోవడం. నల్లగొండ, మహబూబ్‌నగర్ లాంటి చోట ఎండాకాలానికీ వానాకాలానికీ మధ్య కట్టె కదిలే దూరం దీనికి ఎన్నో రెట్లు. అందుకే భరిణె బాగోగులు పైన చెక్కిన నగిషీని బట్టి ఉండవు. కట్టెను ఏ దిక్కుగా నిలబెట్టి లేత్‌కు ఎక్కించారన్నదాన్ని బట్టి ఉంటాయి.

పచ్చి కట్టెలో నీళ్లు రెండు చోట్ల ఉంటాయి. కణాల లోపలి ఖాళీల్లో కొన్ని, కణాల గోడల్లో ఇంకి కొన్ని. చెట్టు కొట్టాక ముందు ఖాళీల్లోని నీరు పోతుంది. అది పోతున్నంత కాలం దుంగ బరువు తగ్గుతుంది గానీ కొలతలో మార్పు రాదు. నీటి బరువు పొడి కట్టె బరువులో సుమారు 28 నుంచి 30 శాతానికి దిగేసరికి ఖాళీలు నిజంగానే ఖాళీ అవుతాయి. ఆపైన పోయేది గోడల్లోని నీరు. కుంచించుకోవడం అక్కడి నుంచే మొదలవుతుంది.

ఆ గోడలు ప్రధానంగా సెల్యులోజ్ పోగులు. ఇవి దాదాపుగా చెట్టు నిలువునే సాగి ఉంటాయి. నీటి అణువులు పోగుల మధ్య దూరి వాటిని పక్కలకు ఎడం చేస్తాయి, బయటికి పోయినప్పుడు పోగులు మళ్లీ దగ్గరవుతాయి. తడిసిన జొన్న చొప్ప మోపు ఎండితే కట్టిన తాడు వదులవుతుంది గానీ మోపు పొడవు తగ్గదు కదా, ఇదీ అంతే. కట్టె పొడవునా కుంచించుకునేది లెక్కలోకి రానంత తక్కువ. అడ్డంగా మాత్రం బాగా తగ్గుతుంది, అదీ అన్ని వైపులా ఒకే తీరుగా కాదు. నడిబొడ్డు నుంచి బెరడు వైపు కిరణాల్లా సాగే కణాల వరుసలు ఆ దిక్కున కదలికను కొంత పట్టి ఉంచుతాయి. వయసు వలయాల వెంబడి అలాంటి పట్టు లేదు. అందుకని టేకు పచ్చి స్థితి నుంచి పూర్తిగా ఎండేసరికి వలయాల వెంబడి 5 శాతానికి కాస్త పైన తగ్గితే, నడిబొడ్డు నుంచి బెరడు దిక్కున అందులో సగమే తగ్గుతుంది. బుద్ధిగా ఉండే కట్టె అని పేరున్న టేకు సంగతే ఇది.

గుండ్రటి దుంగ ముక్క ఎండాక బెరడు నుంచి నడిబొడ్డు దాకా నిలువునా ఎందుకు చీలుతుందో కూడా ఇందులోనే ఉంది. చుట్టుకొలత 5 శాతం తగ్గాలని చూస్తుంది, వ్యాసార్ధం రెండున్నర శాతమే తగ్గుతుంది. రెండూ ఒకే వృత్తానికి చెందినవి కాబట్టి లెక్క కుదరదు. కుదరని తేడా అంతా ఒక బీటగా తెరుచుకుంటుంది. భరిణెకు తీసుకునే ముక్కలో నడిబొడ్డు ఉండకూడదని పనివాళ్లు పట్టుబట్టేది అందుకే. ఎనిమిది సెంటీమీటర్ల భరిణెకు ఇరవై సెంటీమీటర్లకు పైబడిన దుంగ కావాలి, నడుమ వదిలేసి పక్క నుంచి ముక్క తీయాలి.

ఒకసారి ఆరిపోయిన కట్టె ఇక అలాగే ఉండిపోతుందనుకుంటే పొరపాటు. అది గాలిలోని తేమతో బేరం చేస్తూనే ఉంటుంది. గాలిలో తేమ 80 శాతం ఉంటే కట్టెలో నీళ్లు 16 శాతం దగ్గర నిలుస్తాయి. గాలి తేమ 30 శాతానికి పడిపోతే కట్టె 6 శాతం దగ్గరికి దిగుతుంది. వానాకాలంలో పట్టేసే వాకిలి తలుపు మే నెలలో చప్పుడు చేయకుండా తిరగడానికి కారణం ఇదే. ఇంట్లో పెట్టిన భరిణె మీద ఈ ఊగిసలాట కాస్త తక్కువ ఉంటుంది. దాని కట్టెలోని నీళ్లు ఏడాదిలో ఏడు శాతం మారతాయనుకుందాం.

ఇప్పుడు ఆ ఎనిమిది సెంటీమీటర్ల టేకు భరిణెను రెండు రకాలుగా ఊహించండి. మొదటిది పలక లాంటి చెక్క నుంచి తీసింది. ఇందులో నార, అంటే చెట్టు నిలువునా సాగిన ఆ పోగుల దారి, భరిణె అడుగుకు సమాంతరంగా, అడ్డంగా పడుకుని ఉంటుంది. నార వెంబడి వ్యాసం మారదు. దానికి అడ్డంగా మాత్రం దాదాపు ఒక మిల్లీమీటరు మారుతుంది. అంటే గుండ్రంగా తీసిన గిన్నె ఎండాకాలానికి ఒక మిల్లీమీటరు కోలగా అవుతుంది. పది కాగితాల మందం! రెండోది దుంగ నిలువునే భరిణె నిలువుగా ఉంచి తీసింది. నార అడుగు నుంచి మూత దాకా నిటారుగా నడుస్తుంది. ఇందులో రెండు దిక్కులూ తగ్గుతాయి, కాబట్టి కోలతనం వాటి మధ్య తేడా మాత్రమే, అర మిల్లీమీటరు చిల్లర. సగానికి తగ్గింది గానీ పోలేదు.

మరి మంచి భరిణెలు ఎలా పనిచేస్తున్నాయి? ఇక్కడే నాకు ఈ పని మీద గౌరవం పెరుగుతుంది. నిలువు కట్టెలో మూతనూ గిన్నెనూ ఒకే ముక్క నుంచి, ఒకదాని కింద ఒకటిగా కోస్తారు. వలయాలు రెండింటిలోనూ ఒకే తీరుగా ఉంటాయి. గిన్నె ఏ దిక్కున ఎంత కోలబడితే మూత కూడా అదే దిక్కున అంతే కోలబడుతుంది. కదలికను ఆపడం మన వల్ల కాదు, రెండూ కలిసి కదిలేలా చూడడం మన చేతిలో పని. కాకపోతే మూతను కోసినప్పుడు ఎలా ఉందో అలాగే పెట్టాలి. పావు చుట్టు తిప్పి పెట్టారంటే ఒక కోల ఇంకో కోలకు అడ్డం పడి బిగుస్తుంది. పేరంటంలో రాని మూతల్లో చాలావాటిని మెల్లగా తిప్పుతూ చారలు కలిసే చోటు వెతికితే వదులవుతాయి. చాకుతో పని లేదు.

కొనేటప్పుడు తెలుసుకోవాలంటే భరిణెను బోర్లించి చూడండి. అడుగున దుంగ కోసిన చోట కనిపించే వలయాల వంపులు ఉంటే నిలువు కట్టె. అడుగున పొడవాటి గీతలు ఉండి, పక్కల రెండు చోట్ల మాత్రం సన్నటి రంధ్రాల గరుకు కనిపిస్తే అడ్డ కట్టె. అడ్డ కట్టె తప్పేం కాదు. పెద్ద గిన్నెలకు అదే దారి, అంత లావు నిలువు ముక్క బీట లేకుండా దొరకదు. అయితే దానికి లోపలికి దిగి బిగిసే మూత పెట్టకూడదు. రెండు మిల్లీమీటర్ల సందుతో పైన ఊరికే కూర్చునే మూత పెట్టాలి. అంగడిలో ఈ తేడా పట్టించుకోని గిన్నెలు చాలానే కనిపిస్తాయి. వీడియోల్లో కూడా రిబ్బన్లలా ఎగిరే చెక్క పొట్టు, చివర్లో మెరిసే గిన్నె చూపిస్తారు. ఆ గిన్నె మరుసటి ఎండాకాలంలో ఎలా ఉందో ఎవరూ చూపించరు.

కట్టె కోసం నల్లమల దాకా పోవాల్సిన పని లేదు, అమ్రాబాద్ పులుల అడవిలో చెట్టు ముట్టుకుంటే నేరం కూడా. కొల్లాపూర్ వైపు ముసలి మామిడి తోటలు తీసేసినప్పుడు వచ్చే దుంగలు ఎక్కువగా వంటచెరకు కిందే పోతాయి. లేత్ మీద మామిడి బాగా తెగుతుంది, బూజు చారలు పట్టిన ముక్క దొరికితే నగిషీ అవసరమే ఉండదు. వేపలో నార ఒక పొరలో ఇటు, ఇంకో పొరలో అటు మెలిపడి ఉంటుంది కాబట్టి నునుపు రావడానికి సతాయిస్తుంది. ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్ర తెల్లగా, సన్నటి నారతో ఉండి పదునైన అంచుకు సరిగ్గా సరిపోతుంది. నల్లగొండలోనో పాలమూరులోనో లేత్ ఉన్న దుకాణంలో అడిగితే మాత్రం టేకు చూపిస్తారు. మెట్ల గుంజలకూ మంచం కోళ్లకూ వాడగా మిగిలిన ముక్కలు అవి. భరిణెకు అవి చాలు.

పచ్చి ముక్క అయితే ఎండబెట్టడం పెద్ద పని. కట్టె కొనల నుంచి నీరు పక్కల నుంచి కన్నా పది రెట్లకు పైగా వేగంగా పోతుంది. కొనలు ముందు ఆరి కుంచించుకుంటే, లోపల ఇంకా తడిగా ఉబ్బి ఉంటే, చీలక ఏం చేస్తుంది? పూర్వం దుంగ కొనలకు పేడ అలికేవాళ్లు, ఇప్పుడు మైనమో పాత పెయింటో పూస్తారు. తర్వాత గిన్నెను ముతకగా తీసి, గోడ మందం వ్యాసంలో పదో వంతు ఉంచి, కాగితంలో చుట్టి నీడన పెట్టాలి. వారానికోసారి వంటింటి తూకం మీద పెట్టి చూస్తే బరువు తగ్గుతూ వచ్చి ఒకచోట ఆగుతుంది. అప్పటికి అది కోలగా మారి ఉంటుంది. దాన్ని మళ్లీ లేత్‌కు ఎక్కించి గుండ్రంగా తీస్తారు, పదో వంతు మందం ఉంచింది దీనికోసమే. మన ఎండల్లో పని తొందరగా అవుతుంది కదా అని ఆరుబయట పెడితే సాయంత్రానికే చిటపటమని వినిపిస్తుంది.

లేత్ చాలా పాతది. ఈజిప్టులో పెటోసిరిస్ అనే పూజారి సమాధి గోడ మీద, క్రీ.పూ. 4వ శతాబ్దం నాటి శిల్పంలో, ఒకరు తాడు లాగుతుంటే ఇంకొకరు ఉలి పట్టిన దృశ్యం ఉంది. మన దేశంలోనూ మోటార్లు వచ్చేదాకా ఇదే పద్ధతి నడిచింది. తాడు అటు లాగితే కట్టె ముందుకు తిరుగుతుంది, ఇటు లాగితే వెనక్కి. ఉలి కోసేది ముందుకు తిరిగినప్పుడే, మిగతా సగం శ్రమ ఉత్తదే. మోటారు ఆ సగాన్ని మిగిల్చింది, బదులుగా వేగం అనే కొత్త టెన్షన్ తెచ్చింది.

ఎనిమిది సెంటీమీటర్ల ముక్క నిమిషానికి 1500 చుట్లు తిరిగితే దాని అంచు సెకనుకు ఆరు మీటర్లకు పైగా పరుగెడుతుంది. అంచు దగ్గర ఒక గ్రాము బరువును వృత్తంలో పట్టి ఉంచడానికి దాదాపు వంద గ్రాముల బలం కావాలి. ముక్కకు ఒక వైపు పది గ్రాముల ముడి ఉందనుకోండి, ఒక కిలో బరువు సెకనుకు 25 సార్లు దిక్కు మార్చి లాగుతున్నట్టు లేత్ మొత్తం ఊగుతుంది. ఇరవై సెంటీమీటర్ల గిన్నెకైతే ఆ బలం రెండున్నర రెట్లు. పెద్ద ముక్కకు వేగం తగ్గించమనేది ఇందుకే. మెడలో తువ్వాలు, వదులు చేతుల చొక్కా ఎందుకు వద్దంటారో కూడా ఈ అంకెలే చెప్తాయి.

ఉలి విషయంలో ఒక్కటే చెప్తాను. ముందు ఉలి వీపు తిరిగే కట్టెకు ఆనాలి, తర్వాత పిడి కాస్త ఎత్తితే అంచు కోత మొదలుపెడుతుంది. అంచు ముందుగా తగిలితే ఆనుకునే చోటు లేక లోపలికి దిగబడుతుంది, గిన్నె ముక్కలవుతుంది. టేకులో ఇసుకలో ఉండే సిలికా కొద్దిగా ఉంటుంది, అందుకే పదును త్వరగా పోతుంది. మామూలు కార్బన్ ఉక్కు ఉలిని సాన మీద నీలం రంగు వచ్చేదాకా వేడెక్కిస్తే దాని గట్టితనం పోయినట్టే. హైస్పీడ్ ఉక్కు 500 డిగ్రీలు దాటినా తట్టుకుంటుంది కాబట్టి ఇప్పుడు చాలామంది దానికి మారారు.

మూత కుదిర్చే వరుస ఇలా ఉంటుంది. ముందు మూత లోపలి భాగం తొలుస్తారు, దాని అంచును నిటారుగా తీస్తారు. తర్వాత గిన్నె మెడను కాస్త ఏటవాలుగా తీసి, లేత్ మెల్లగా తిరుగుతుండగా మూతను ఆనిస్తారు. తగిలిన చోట మెరుపు గీత పడుతుంది. అదే కొలత, స్కేలు అక్కర్లేదు. మెడను ఆ కొలతకు నిటారుగా తీసి, మూతను బిగించి, రెండింటి పైభాగాన్ని ఒకటిగా నున్నగా చేస్తారు. చివర్లో మెడను ఉప్పు కాగితంతో ఒక కాగితం మందం తగ్గిస్తారు. గరుకు కాగితం రాపిడికి కట్టె వేడెక్కి ఆ కాసేపు కొలత మారుతుంది కాబట్టి చల్లారనివ్వాలి. ఇక్కడే మాస్కు కూడా పెట్టుకోవాలి. కట్టె ధూళిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషులకు క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది.

బాగా కుదిరిన మూత తీసినప్పుడు టప్ మని చిన్న చప్పుడు వస్తుంది. మూత పైకి లేస్తుంటే లోపల చోటు పెరుగుతుంది, సన్నటి సందులోంచి గాలి అంత వేగంగా రాలేదు, ఒత్తిడి పడిపోతుంది. ఎనిమిది సెంటీమీటర్ల మూత మీద ఆ తేడా ఒక్క శాతం ఉన్నా బయటి గాలి అర కిలో బరువుతో దాన్ని కిందికి నొక్కుతుంది.

రంగు వేయడానికి లక్క ఉంది. మోదుగ, రేగు, కుసుమ్ (నూనె గింజల కుసుమ కాదు) చెట్ల కొమ్మల మీద లక్క పురుగు స్రవించే జిగురు అది. రంగు కలిపిన లక్క కడ్డీని తిరిగే కట్టెకు గట్టిగా ఒత్తితే రాపిడి వేడికే కరిగి పరుచుకుంటుంది, నిప్పు అవసరం లేదు. దానికి 70, 80 డిగ్రీలు చాలు. మొగలి ఆకుతో ఒత్తి రుద్దితే పొర సమంగా అయి మెరుస్తుంది. లక్క తేమను ఆపదు గానీ రాకపోకలను నెమ్మది చేస్తుంది. బయట మాత్రమే పూసి లోపల పచ్చిగా వదిలేస్తే లోపలి వైపు ముందు ఆరి గోడ వంగుతుంది, కాబట్టి లోపల కూడా ఒక పూత ఉండాలి. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. శానిటైజర్ తడి ఆరని చేతులతో భరిణె పట్టుకుంటే వేలిముద్రలు మసకగా పడి ఉండిపోతాయి. పొడి గుడ్డతో రుద్దితే అవి పోవు. లేత్ ఉన్న దుకాణానికి తీసుకెళ్లి మళ్లీ తిప్పించి, ఒక పూత లక్క ఎక్కించుకోవడమే.