మూడో డివిజన్ టీమ్‌కి ఏ ఫార్మేషన్?

పిల్లలూ,

మీ మెసేజ్ చదివాను. కంప్యూటర్ గేమ్‌లో ఇంగ్లండ్ మూడో డివిజన్ టీమ్ ఒకటి తీసుకుని, మాంచెస్టర్ సిటీలా 4-3-3 (వెనకనుంచి ముందుకి నలుగురు, ముగ్గురు, ముగ్గురు) పెట్టి, పైదాకా వెళ్ళి ప్రెస్ చెయ్యమంటే, అంటే బంతి ఉన్నవాడి మీద పడి లాక్కోమంటే, వరసగా ఓడిపోతున్నామని రాశారు. "ఏ ఫార్మేషన్ పెడితే గెలుస్తాం పెదనాన్నా?" అని అడిగారు. ముందు ఫార్మేషన్ అనుకుని, తర్వాత అందులోకి ఆటగాళ్ళని కుక్కుతున్నారు మీరు. అది తిరగెయ్యాలి. ఎవరున్నారో చూసుకున్నాకే అంకెలు.

ముందు ఆ లీగు ఎలా ఉంటుందో చెప్తాను. ఇంగ్లండ్‌లో మూడో డివిజన్‌ని లీగ్ వన్ అంటారు. 24 జట్లు, ఒక్కో జట్టుకి 46 మ్యాచ్‌లు. చాలా వారాలు శనివారం ఒక ఆట, మంగళవారం ఇంకో ఆట. మధ్యలో కప్ మ్యాచ్‌లు వేరే. ఇక ప్రాక్టీసుకి టైమెక్కడిది? పైగా కావలసినవాణ్ణి కొనే డబ్బుండదు. పెద్ద క్లబ్బుల కుర్రాళ్ళని లోన్ మీద, అంటే కొన్నాళ్ళకి అరువుగా, తెచ్చుకుంటారు. వాళ్ళు జనవరిలో వెనక్కి వెళ్ళిపోనూ వచ్చు. కాబట్టి నిన్నగాక మొన్న చేరినవాడికి కూడా అర్థమయ్యే పద్ధతి కావాలి. ఇద్దరికి దెబ్బలు తగిలితే కుప్పకూలకూడదు.

సిటీ ఆట దానికి సరిగ్గా వ్యతిరేకం. వెనక ఒకడు మీద పడుతున్నా బంతి అందుకుని తిరిగి పాస్ ఇవ్వగల మిడ్‌ఫీల్డర్ ఉండాలి. డిఫెండర్లు మధ్యగీత దాకా వచ్చి నిలబడితే, వాళ్ళ వెనక పడ్డ బంతి కోసం పరుగెత్తే వేగం ఉండాలి. అవన్నీ ఉన్న కుర్రాడు మూడో డివిజన్‌లో ఎన్నాళ్ళుంటాడు? మంచి ఆట నాలుగు మ్యాచ్‌లు ఆడాడంటే పైవాళ్ళు ఎగరేసుకుపోతారు.

అందుకే కింది డివిజన్లలో చాలాకాలం 4-4-2 రాజ్యమేలింది. నలుగురు డిఫెండర్లు, నలుగురు మిడ్‌ఫీల్డర్లు, ఇద్దరు స్ట్రైకర్లు. ఎవడి చోటు ఎక్కడో చిన్నప్పటినుంచీ అందరికీ తెలుసు. గ్రాహం టేలర్ 1977లో వాట్‌ఫర్డ్ కోచ్‌గా వచ్చినప్పుడు ఆ జట్టు నాలుగో డివిజన్‌లో ఉంది. క్లబ్ ఛైర్మన్ పాప్ గాయకుడు ఎల్టన్ జాన్. బంతిని త్వరగా ముందుకు పంపడం, అంచుల్లో వింగర్లతో దూసుకుపోవడం, దాదాపు అంతే. 1982కల్లా మొదటి డివిజన్‌కి ఎక్కి, మరుసటి ఏడాది లివర్‌పూల్ తర్వాత రెండో స్థానంలో నిలిచింది. మోటు ఆట అని చాలామంది వెక్కిరించారు. నాకైతే అందులో తప్పేమీ కనిపించదు. 4-4-2కి ఉన్న బలహీనత వేరు. అవతల మిడ్‌ఫీల్డ్‌లో ముగ్గురుంటే మన ఇద్దరూ వాళ్ళ చుట్టూ తిరగడంతోనే అలిసిపోతారు.

ఇప్పుడు అసలు కథ. షెఫీల్డ్ యునైటెడ్, 2016-17 సీజన్. పెద్ద క్లబ్బే, బ్రామల్ లేన్ మైదానమే 1855 నాటిది. కానీ చాలా ఏళ్ళుగా మూడో డివిజన్‌లో ఇరుక్కుపోయింది. ముందు సీజన్‌లో 11వ స్థానం. కొత్త కోచ్ క్రిస్ వైల్డర్ ఆ ప్రాంతం మనిషే, ఆ క్లబ్బుకే ఆడినవాడు. నలుగురు డిఫెండర్లతో మొదలుపెట్టాడు. నాలుగు మ్యాచ్‌లయ్యేసరికి చేతిలో ఒకే ఒక్క పాయింటు, పట్టికలో అట్టడుగు.

అప్పుడు 3-5-2కి మారాడు. ఎందుకంటే, బ్రామల్ లేన్‌కి వచ్చే చిన్న జట్లు గోల్ ముందు గుమిగూడి, అడ్డం పడి, డ్రాతో ఇంటికెళ్ళాలని చూస్తాయి. ఆ గుంపుని చీల్చాలంటే ముందుకి ఒక మనిషి అదనంగా కావాలి. ఎక్కణ్ణుంచి తేవాలి? వైల్డర్, ఆయన అసిస్టెంట్ అలన్ నిల్ వెనకనుంచి తెచ్చారు.

కుడివైపు చూడండి. క్రిస్ బాషమ్ ముగ్గురు సెంటర్‌బ్యాకుల్లో (గోల్ ముందు మధ్యలో నిలిచే డిఫెండర్లు) కుడివాడు. అసలు మిడ్‌ఫీల్డ్‌లో ఆడినవాడు, కాబట్టి కాళ్ళలో బంతి ఉంటే కంగారు పడడు. గీత దగ్గరున్న వింగ్‌బ్యాక్ (ఆ అంచంతా వెనకా ముందూ చూసుకునేవాడు) ఫ్రీమన్‌కి బంతి ఇచ్చి ఊరుకోడు. అతని బయటివైపు నుంచి కార్నర్ జెండా దిశగా పరుగు తీస్తాడు. ఇప్పుడు అవతలి వింగర్‌కి టెన్షన్ మొదలవుతుంది. సెంటర్‌బ్యాక్ వెంట తన గోల్ దాకా పరుగెత్తాలా, ఫ్రీమన్‌ని చూసుకోవాలా? ఇంతలో మిడ్‌ఫీల్డర్ ఇంకొకడు వచ్చి కలుస్తాడు. ఇద్దరి మీద ముగ్గురు. ఎవడో ఒకడు ఖాళీగా దొరుకుతాడు, బంతి గోల్ ముందుకి వస్తుంది, అక్కడ కెప్టెన్ బిల్లీ షార్ప్ కాచుకుని ఉంటాడు. ఆ సీజన్‌లో లీగ్‌లోనే 30 గోల్స్ కొట్టాడు. బాషమ్ వదిలిన ఖాళీలోకి ఒక మిడ్‌ఫీల్డర్ దిగి కాపలా కాస్తాడు. ఎడమవైపు ఇదే పని జాక్ ఓకానెల్‌ది. అతనిది ఎడమకాలి వాటం కాబట్టి అటునుంచి ముందుకెళ్ళి క్రాస్ (అంచునుంచి గోల్ ముందుకి బంతి) కొట్టగలిగాడు.

చివరికి 100 పాయింట్లతో ఛాంపియన్లు. 2019లో అన్నిటికన్నా పై డివిజన్ అయిన ప్రీమియర్ లీగ్‌కి కూడా ఎక్కారు.

అయితే ఇది చదవగానే 3-5-2 పెట్టేయకండి! మీకు మంచి వింగర్లుంటే అందులో వాళ్ళకి చోటే లేదు, బెంచీ మీద కూర్చోబెట్టాలి. వింగ్‌బ్యాక్ అంటే 90 నిమిషాలూ ఆ గోల్‌కీ ఈ గోల్‌కీ పరుగులే. వారానికి రెండు మ్యాచ్‌లంటే ఒక్కో వైపుకి ఇద్దరేసి కావాలి. సెంటర్‌బ్యాకులు ముగ్గురు కాదు, కనీసం నలుగురు, అందులో ఒకడు ఎడమకాలివాడైతే మేలు. గోల్స్ కొట్టేవాడు ఒక్కడే ఉంటే 4-2-3-1 నయం. అందరికన్నా మీ టీమే బలహీనమైతే 5-4-1తో అడ్డుకోవడం సిగ్గుపడే పనేమీ కాదు. కాకపోతే ఆ ఒక్క స్ట్రైకర్‌కి వేగం ఉండాలి, లేకపోతే బంతి వెళ్ళినంత వేగంగానూ తిరిగొస్తుంది.

ఉన్నవాళ్ళతో లెక్క కుదరకపోతే ఒకడి చోటు మార్చి చూడండి. మన హైదరాబాద్ రహీం సాబ్, అదే అప్పటి భారత జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో చేసిందదే. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. అయినా ఆయన్ని ఆపకుండా ఫార్వర్డ్‌గా పంపారు. జర్నైల్ సెమీఫైనల్లో ఒక గోల్, దక్షిణ కొరియా మీద ఫైనల్లో ఒక గోల్ కొట్టారు. 2-1తో స్వర్ణం మనదైంది. జర్నైల్ ఎత్తూ, బలమూ గోల్ ముందు కూడా పనికొస్తాయని రహీం సాబ్‌కి తెలుసు. మీ గేమ్‌లో పేరు పక్కన రాసి ఉన్న పొజిషన్ ఒక్కటే చూసి వదిలెయ్యకండి, కింద ఉండే అంకెలు కూడా చూడండి.

ఇంకొకటి, రెండు మ్యాచ్‌లు ఓడగానే మార్చేస్తున్నారని మీ మాటల్నిబట్టి అర్థమైంది. ఆటగాళ్ళకి ఎవడు ముందుకెళ్తే ఎవడు వెనక ఆగాలో అలవాటు కావడానికే కొన్ని వారాలు పడుతుంది. వైల్డర్ ఒక్కసారి మార్చాడు, తర్వాత దాన్నే నమ్ముకున్నాడు.

మీ 25 మంది లిస్టు పంపండి. ఎవడి వయసెంత, ఏ కాలు వాటం, ఎవడు లోన్ మీద వచ్చాడు, ఎవడు 90 నిమిషాలు ఆడలేడు, అన్నీ రాయండి. పరీక్షలయ్యాకే సుమా. మీ అమ్మ నన్ను తిడుతుంది.

మీ
పెదనాన్న