గణిత ప్రశ్నల సప్రమాణత: అపోహలు – వాస్తవాలు

గోదావరి డెల్టాలోని పాఠశాలల్లో యూనిట్ పరీక్షల కాలం వచ్చినప్పుడల్లా, ప్రశ్నపత్రాలను పరిశీలించే గణితోపాధ్యాయుడిగా సప్రమాణత గురించి, అంటే ప్రశ్న తాను కొలవాల్సినదాన్నే సరిగా కొలుస్తుందా అన్నదాని గురించి, కొన్ని నమ్మకాలను మళ్లీమళ్లీ వింటుంటాను.

అపోహ: సాధిస్తే వచ్చిన జవాబు కీతో సరిపోయిందంటే ప్రశ్న సరైనదే.

వాస్తవం: భీమవరం ప్రాంతపు పిల్లలు రోజూ చూసే చెరువునే తీసుకుందాం. "దీర్ఘచతురస్రాకారపు చేపల చెరువు చుట్టుకొలత 200 మీటర్లు, వైశాల్యం 2,600 చదరపు మీటర్లు అయితే కర్ణం ఎంత?" పొడవు వెడల్పుల మొత్తం 100, దాని వర్గం నుంచి వైశాల్యానికి రెట్టింపు తీసివేస్తే కర్ణపు వర్గం 4,800, కాబట్టి కర్ణం 40√3 మీటర్లు. సూత్రంలో గానీ గుణకారంలో గానీ తప్పు లేదు, కీలోనూ అదే ఉంటుంది. అయినా అటువంటి చెరువును ఎవరూ తవ్వలేరు, ఎందుకంటే 200 మీటర్ల చుట్టుకొలతతో గీయగల దీర్ఘచతురస్రాల్లో అత్యధిక వైశాల్యం చతురస్రానిది, అది 2,500 చదరపు మీటర్లే. పొడవు, వెడల్పులను విడివిడిగా కనుక్కోబోయిన విద్యార్థికి వర్గ సమీకరణపు విచక్షణి −400 అని తేలుతుంది, వాస్తవ మూలాలు లేవని గ్రహించి అతడు అక్కడే ఆగిపోతాడు. లోతుగా ఆలోచించిన ఆ విద్యార్థి మార్కులు కోల్పోయి, సూత్రాన్ని యాంత్రికంగా వాడినవాడు పూర్తి మార్కులు పొందడం నాకు చాలా బాధ కలిగించే విషయం. అందువల్ల పరిశీలకులు కీని పక్కనపెట్టి, కనీసం రెండు పద్ధతుల్లో సాధించి, ఇచ్చిన కొలతలతో పటం గీయడం సాధ్యమో కాదో చూడాలి.

అపోహ: స్థానిక సందర్భాన్ని జోడిస్తే ప్రశ్న దానంతటదే మెరుగవుతుంది.

వాస్తవం: కోనసీమ కొబ్బరితోటల మధ్య పెరిగిన విద్యార్థికి ఎకరం అంటే 100 సెంట్లని తెలిసి ఉండవచ్చు గానీ, ఎకరం 4,840 చదరపు గజాలని గుర్తుండాలన్న నియమం లేదు. ఆ విలువ ఇవ్వకుండా త్రిభుజాకారపు తోట విస్తీర్ణాన్ని ఎకరాల్లో అడిగితే, వైశాల్య భావనకు బదులు జ్ఞాపకశక్తిని కొలిచినట్లవుతుంది.

అపోహ: పాఠ్యపుస్తకంలోని లెక్కకు పరిశీలన అక్కర్లేదు.

వాస్తవం: తరగతిలో చేయించిన లెక్కనే యథాతథంగా ఇస్తే, అది సమస్యా సాధనను కొలవదు.

అపోహ: ఎక్కువమంది తప్పు రాస్తే ప్రశ్నలో లోపం ఉన్నట్లే.

వాస్తవం: కాఠిన్యత వేరు, సప్రమాణత వేరు. మొత్తం మార్కుల క్రమంలో పై 27 శాతాన్ని, కింది 27 శాతాన్ని తీసుకొని, ఒక్కొక్క ప్రశ్నకు ఏ వర్గంలో ఎంతమంది సరిగా రాశారో పోల్చడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. కింది వర్గమే ఎక్కువగా సరిగా రాసిన ప్రశ్న కనిపిస్తే, పిల్లలను అనుమానించే ముందు కీని, ఆ తరువాత ప్రశ్న వాక్యాన్ని సరిచూడాలి.